బాబు పళ్ళ మీద చారలు ఒకటి, పాప పిప్పి పన్ను ఇంకొకటి: ఫ్లోరైడ్ పేస్టు మానేయాలా?

ముందు ప్రశ్నను ఒకసారి కూడదీసుకుందాం. మీ పుట్టిల్లు నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. తొమ్మిదేళ్ళ బాబు మొదటి నాలుగేళ్ళు అక్కడే, బోరు నీళ్ళతో పెరిగాడు. ఇప్పుడు వచ్చిన ముందు పళ్ళ మీద గోధుమ రంగు చారలున్నాయి. రెండున్నరేళ్ళ పాప హైదరాబాదులో పుట్టింది, ఆర్వో క్యాను నీళ్ళే తాగుతుంది. దాని కింది దవడ పన్ను ఒకటి నల్లబడి గుంట పడింది. బంధువులు "అంతా ఫ్లోరైడ్ వల్లే" అంటే ఇద్దరికీ ఫ్లోరైడ్ లేని మూలికల పేస్టు మొదలుపెట్టారు. బాబుకి సిరామిక్ తొడుగులు వేయిద్దామని ఒక క్లినిక్‌లో చెప్పారు. సెలవులకి పిల్లలతో అమ్మమ్మ ఊరు వెళ్ళచ్చా అనీ, అమ్మమ్మ కీళ్ళ నొప్పుల గురించీ కూడా అడిగారు.

ఈ రెండూ వేర్వేరు సమస్యలు. బాబుది ఫ్లోరోసిస్, అంటే పన్ను చిగురు లోపల తయారయ్యే రోజుల్లో ఫ్లోరైడ్ ఎక్కువ మింగడం వల్ల వచ్చిన మచ్చ. పాపది మామూలు పిప్పి. పేస్టు మార్చినంత మాత్రాన బాబు మచ్చ పోదు, పాప పిప్పి మాత్రం ఇంకా ముదురుతుంది. కాబట్టి ఆ మూలికల పేస్టు ఈ రాత్రికే పక్కన పెట్టండి. ఎందుకో చెబుతాను.

పన్ను పైన తెల్లగా మెరిసే ఎనామిల్ పొర, పన్ను బయటికి రాకముందే దవడ ఎముకలో పూర్తిగా తయారవుతుంది. శాశ్వత ముందు పళ్ళ ఎనామిల్ పుట్టిన కొద్ది నెలలకు మొదలై నాలుగైదేళ్ళకు ముగుస్తుంది. అందులోనూ పై ముందు పళ్ళకు ఏడాదిన్నర నుంచి మూడేళ్ళ లోపు కాలం చాలా సున్నితం. ఆ వెనక దవడ పళ్ళకు ఏడెనిమిదేళ్ళ వరకూ పడుతుంది. ఈ కాలంలో ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువగా వెళితే ఎనామిల్ గట్టిపడే పని మధ్యలో చెడుతుంది. పై పొర బాగానే ఉంటుంది గానీ దాని కింద సన్నటి సందులు మిగులుతాయి. పన్ను బయటికి వచ్చినప్పుడు సుద్దలా తెల్లగానే ఉంటుంది. ఆ తరవాత టీ, పసుపు, చారు, నీళ్ళలోని ఇనుము ఆ సందుల్లోకి ఇంకి గోధుమ రంగు ఎక్కుతుంది. "వచ్చినప్పుడు తెల్లగానే ఉన్నాయి, తరవాతే పాడయ్యాయి" అని తల్లులు అనేది అందుకే. మచ్చకు కారణం మాత్రం అయిదేళ్ళ కిందటి నీళ్ళు.

ఎనామిల్ పూర్తయ్యాక ఎంత ఫ్లోరైడ్ తగిలినా ఆ పన్నుకి ఫ్లోరోసిస్ రాదు. తొమ్మిదేళ్ళ బాబుకి ముందు పళ్ళ విషయంలో ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. ఇప్పుడు పేస్టు మానేస్తే పోయేది ఆ పళ్ళకున్న రక్షణే.

ఇంట్లోనే తేడా పట్టుకోవచ్చు. పగటిపూట కిటికీ దగ్గర కూర్చోబెట్టి, పెదవి ఎత్తి, పళ్ళను శుభ్రమైన గుడ్డతో తుడిచి ఆరనిచ్చి చూడండి. ఫ్లోరోసిస్ అయితే కుడి పక్క పన్నుకీ ఎడమ పక్క దాని జత పన్నుకీ ఒకే ఎత్తులో, ఒకే తీరులో మచ్చ ఉంటుంది. చారలు అడ్డంగా పోతాయి, అంచులు పలచబడి కలిసిపోతాయి, గోరుతో గీకితే గట్టిగానే ఉంటుంది. పిప్పి అయితే చిగురు అంచున, రెండు పళ్ళ సందున, దవడ పళ్ళ మీది గాళ్ళలో మొదలవుతుంది. జత పన్నుకి ఉండాలని లేదు. మెత్తగా, గరుకుగా ఉంటుంది, అన్నం మెతుకు ఇరుక్కుంటుంది. ఇక మూడోది ఒకటుంది. అంచు గీసినట్టు స్పష్టంగా ఉండే పసుపు లేదా గోధుమ మచ్చ, ఆరేళ్ళకు వచ్చే మొదటి దవడ పళ్ళలో, ఒకటి రెండు ముందు పళ్ళలో, చల్లనీళ్ళకు జివ్వుమనేది. అది ఫ్లోరైడ్‌తో సంబంధం లేని ఎనామిల్ లోపం, దాన్ని ఫ్లోరోసిస్ అనుకుని వదిలేస్తే దవడ పన్ను విరిగిపోతుంది. ఒక్కటే పన్ను మీద మచ్చ ఉంటే, దానికి ముందు అక్కడున్న పాలపన్నుకి చిన్నప్పుడు దెబ్బ తగిలిందేమో, చీము పట్టిందేమో గుర్తుచేసుకోండి.

ఇప్పుడు నీళ్ళ సంగతి. బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎవరో కలిపింది కాదు. నల్లగొండ గ్రానైటు రాళ్ళలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలున్నాయి. కాల్షియం తక్కువగా, సోడియం, బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న నీరు లోతులో ఏళ్ళ తరబడి నిలిచి వాటిని కరిగించుకుంటుంది. వాన తక్కువ, బోర్లు లోతు. మన దగ్గర ఈ జబ్బును వైద్యులు మొదట రాసిపెట్టింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రం నెల్లూరు జిల్లాలో. ఇప్పుడా పల్లెలు ప్రకాశం వైపున్నాయి. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వైద్యులు నల్లగొండ పల్లెల్లో మోకాళ్ళు లోపలికి వంగిపోయిన పిల్లల గురించి రాశారు. అంటే పళ్ళ మచ్చ ఈ జబ్బులో కంటికి ముందు కనబడే గుర్తు మాత్రమే, ఎముకల కథ దాని వెనక ఉంది.

తాగే నీటికి మన భారతీయ ప్రమాణం లీటరుకి 1.0 మి.గ్రా. ఫ్లోరైడ్ వరకూ మంచిదంటుంది, వేరే దారి లేనప్పుడు 1.5 వరకూ ఒప్పుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత కూడా 1.5 దగ్గరే. కానీ ఈ అంకెను ఊరి ఎండతో కలిపి చదవాలి. చలి దేశంలో మనిషి తాగే నీళ్ళు వేరు, మే నెల ఎండలో మనవాళ్ళు తాగేది వేరు.

మీ బంధువుల మాట ఎక్కడ తప్పిందో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు రోజుకి కిలో బరువుకి 0.1 మి.గ్రా. పైగా ఫ్లోరైడ్ ఒంట్లోకి పోకూడదన్నది వాడుకలో ఉన్న పై హద్దు. పాప బరువు 12 కిలోలనుకుంటే రోజుకి 1.2 మి.గ్రా. లీటరుకి 3 మి.గ్రా. ఉన్న బోరు నీళ్ళు తాగడానికీ, జావకీ, పాలల్లో కలపడానికీ కలిపి రోజుకి లీటరు పోయిందనుకోండి: 3 మి.గ్రా. అంటే హద్దుకి రెండున్నర రెట్లు, పేస్టు ముట్టకుండానే. ఇప్పుడు పేస్టు చూద్దాం. ట్యూబు మీద 1000 పీపీఎం అని ఉంటే గ్రాముకి 1 మి.గ్రా. ఫ్లోరైడ్ ఉన్నట్టు. బియ్యపుగింజంత పేస్టు సుమారు 0.1 గ్రాము. రెండు పూటలా మొత్తం మింగేసినా 0.2 మి.గ్రా. అదే టీవీ ప్రకటనలో చూపించినట్టు బ్రష్షు నిండా పరిస్తే గ్రాము పడుతుంది, అది రెండు పూటలా మింగితే 2 మి.గ్రా. అందుకే నా మాట ఎప్పుడూ పరిమాణం గురించే, పేస్టు మానేయమని కాదు.

ఫ్లోరైడ్ పిప్పిని ఆపేది ముఖ్యంగా పన్ను పైనుంచే. తీపి తిన్న ప్రతిసారీ నోట్లోని క్రిములు ఆమ్లం చేస్తాయి, ఎనామిల్ నుంచి ఖనిజం కొద్దిగా కరుగుతుంది, మళ్ళీ లాలాజలం అరగంట పైచిలుకు తీసుకుని దాన్ని తిరిగి పూడుస్తుంది. ఆ పూడిక వేళ లాలాజలంలో కొంచెం ఫ్లోరైడ్ ఉంటే కొత్త పొర గట్టిగా పడుతుంది. దానికి మింగాల్సిన పని లేదు, పన్నుకి తగిలితే చాలు.

ఈ సంగతి తెలిసిన తీరు కూడా మీ ఇంటి కథ లాంటిదే. 1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌కి వచ్చిన ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు అక్కడి పిల్లల పళ్ళ మీద ఇలాంటి గోధుమ మచ్చలు చూశాడు. ఆ మచ్చల పళ్ళు అంత సులువుగా పిప్పి కావడం లేదని కూడా గమనించాడు. కారణం నీళ్ళలోని ఫ్లోరైడ్ అని తేలడానికి 1931 దాకా పట్టింది. తరవాత ట్రెండ్లీ డీన్ అనే ఇంకో దంతవైద్యుడు ఎన్నో ఊళ్ళ పిల్లల పళ్ళు చూసి, లీటరుకి 1 మి.గ్రా. దగ్గర పిప్పి బాగా తగ్గుతుందనీ, మచ్చలు మాత్రం పెద్దగా కనబడవనీ లెక్క కట్టాడు. 1945లో గ్రాండ్ రాపిడ్స్ నగరం నీళ్ళలో ఫ్లోరైడ్ కలపడం మొదలైంది. 2015లో అమెరికా తన సిఫారసును 0.7కి తగ్గించింది. అక్కడున్న మన చుట్టాలు "నీళ్ళలో ఫ్లోరైడ్ విషం" అని పంపే వీడియోలు నీళ్ళలో ఫ్లోరైడ్ కలపాలా వద్దా అన్న ఆ గొడవకు సంబంధించినవి. లీటరుకి 3, 4 మి.గ్రా. ఉన్న బోరు దగ్గర ఆ వాదన పనికిరాదు, ఫ్లోరైడే లేని ఆర్వో క్యాను దగ్గర అంతకన్నా పనికిరాదు.

పాప దగ్గర జరిగింది ఆ రెండోదే. ఆర్వో నీళ్ళలో ఫ్లోరైడ్ దాదాపు లేదు. మిషన్ భగీరథ నల్లా ద్వారా వచ్చే కృష్ణా, గోదావరి నీళ్ళలోనూ తక్కువే. పైగా పేస్టులోంచీ తీసేశారు. ఇక ఫ్లోరైడ్ ఎక్కణ్ణించి రావాలి? నల్లగొండ భయం నల్లగొండ నీళ్ళు మానేశాక కూడా ఇంట్లో మిగిలిపోయింది. ఈ పదేళ్ళలో బోరు నుంచి నది నీళ్ళకి మారిన చాలా కుటుంబాలకి ఈ చిక్కు ఉంది: మచ్చలు తగ్గే చోటే పిప్పి పెరుగుతుంది, ఎందుకంటే అదే కాలంలో బిస్కెట్లూ, పాలల్లో కలిపే పొడులూ ఇంట్లోకి వచ్చాయి.

పాప పన్ను గురించి సూటిగా అడుగుతాను. రాత్రి సీసా పాలు తాగుతూ నిద్రపోతుందా? పాలల్లో చక్కెర వేస్తారా? నిద్రలో లాలాజలం దాదాపు ఆగిపోతుంది, నోట్లో మిగిలిన తీపి తెల్లవార్లూ పన్ను మీదే ఉంటుంది. ఎంత తీపి తిన్నదన్నదాని కన్నా ఎన్నిసార్లు తిన్నదన్నదే లెక్క. అన్నం తిన్నాక ఒకేసారి రెండు లడ్డూలు తినడం కన్నా, ఒక బిస్కెట్ ప్యాకెట్‌ని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కొరకడం పన్నుకి చాలా చెరుపు. సీసాను వారం రోజుల్లో మాన్పించాలి. మధ్యలో ఏడిస్తే సీసాలో మంచినీళ్ళు మాత్రమే.

"పాలపన్నే కదా, ఊడిపోతుంది" అంటారు. ముందు పాలపళ్ళు ఆరేడేళ్ళకు ఊడతాయి, నిజమే. దవడ పాలపళ్ళు తొమ్మిది నుంచి పన్నెండేళ్ళ దాకా ఉండాలి. పాపకి ఇప్పుడు రెండున్నర. చీము పడితే కింద తయారవుతున్న శాశ్వత పన్నుకే దెబ్బ తగులుతుంది. పిప్పి ఇంకా నరం దాకా వెళ్ళకపోతే రెండు దారులున్నాయి. గుంటను శుభ్రం చేసి గ్లాస్ అయోనమర్ సిమెంటు నింపడం ఒకటి. పాప నోరు తెరవకపోతే 38 శాతం సిల్వర్ డయామీన్ ఫ్లోరైడ్ చుక్క పూయడం రెండోది. దీనికి మత్తు, డ్రిల్లు అక్కర్లేదు. పిప్పి చాలావరకు ఆగిపోతుంది గానీ ఆ భాగం నల్లగా, శాశ్వతంగా నల్లగానే ఉంటుంది. దవడ పన్నుకి అది సమస్య కాదు, డాక్టరు పూసే ముందే చెప్పాలి, చెప్పకపోతే మీరు అడగండి. తరవాత ఆరు నెలలకొకసారి మిగతా పళ్ళకు ఫ్లోరైడ్ వార్నిష్ పూయించుకోవచ్చు. అది వెంటనే గట్టిపడి పన్నుకి అంటుకుంటుంది, మింగేది చాలా కొద్ది.

పేస్టు కొనేటప్పుడు ట్యూబు వెనక చదవండి. సోడియం ఫ్లోరైడ్ గానీ సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్ గానీ ఉండాలి, ఎంత పీపీఎమ్మో రాసి ఉండాలి. మన దేశంలో 1000 పీపీఎం దాటకూడదని నియమం. గడువు తేదీ కూడా చూడండి, సుద్ద కలిపిన పేస్టుల్లో పనికొచ్చే ఫ్లోరైడ్ కాలం గడిచే కొద్దీ తగ్గిపోతుంది. పాపకి మూడేళ్ళు నిండే దాకా బియ్యపుగింజంత, తరవాత ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత. పేస్టు పెట్టేది పెద్దవాళ్ళే, ట్యూబు పిల్లల చేతికి ఇవ్వకూడదు. ఏడెనిమిదేళ్ళ దాకా తోమడం కూడా మీ చేతిమీదే జరగాలి. పిల్లని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని, తల మీ పొట్టకి ఆనించి తోమితే దవడ పళ్ళు కనిపిస్తాయి, నిలబెట్టి తోమితే కనబడవు. రాత్రి తోమాక ఉమ్మేయడమే. మనకి నాలుగు చెంబుల నీళ్ళతో పుక్కిలిస్తే గానీ తోమినట్టుండదు, కానీ అలా చేస్తే పేస్టులోని ఫ్లోరైడ్ అంతా కొట్టుకుపోతుంది.

ఒక్క మినహాయింపు ఉంది. ఇప్పటికీ 1.5 దాటిన బోరు నీళ్ళే తాగుతూ, వేరే నీళ్ళకి ఏ దారీ లేని ఇంట్లో మూడేళ్ళ లోపు పిల్లలుంటే, ఉమ్మడం వచ్చేదాకా ఫ్లోరైడ్ లేని పేస్టుతో తోమడం సబబే. మీ పాప ఆ లెక్కలోకి రాదు.

ట్యూబులో సగం తినేశారని ఫోన్లు వస్తుంటాయి. 100 గ్రాముల ట్యూబులో 100 మి.గ్రా. ఫ్లోరైడ్ ఉంటుంది. కిలో బరువుకి 5 మి.గ్రా. దాటితే ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. పది కిలోల పిల్లకి అది సరిగ్గా సగం ట్యూబు. దారిలో పాలు తాగించండి, కాల్షియం ఫ్లోరైడ్‌ని పట్టుకుంటుంది. వాంతి చేయించడానికి గొంతులో వేళ్ళు పెట్టకండి.

బాబు చారల దగ్గరికి వద్దాం. సిరామిక్ తొడుగులు ఇప్పుడు వద్దు. తొమ్మిదేళ్ళకి పన్ను లోపలి నరం గది పెద్దగా ఉంటుంది, చిగురు ఇంకా పన్ను వేరు వైపుకి జరుగుతూనే ఉంటుంది. ఇప్పుడు పన్ను అరగదీసి తొడిగితే నాలుగేళ్ళకి అంచు బయటపడుతుంది, మళ్ళీ చేయాలి. పద్దెనిమిది దాటాక, అప్పటికీ కావాలనిపిస్తే చూద్దాం.

గోధుమ రంగుకి మొదటి మందు మైక్రో అబ్రేషన్. చిగుళ్ళకి రబ్బరు తెర కట్టి, పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లమూ గరుకు పొడీ కలిపిన ముద్దతో పన్ను పైపొరను రుద్దుతారు. పోయేది సుమారు 0.1 నుంచి 0.2 మి.మీ., ఎనామిల్ మందం ముందు పన్నులో 1 మి.మీ. దరిదాపు. గోధుమ రంగు దీనికి బాగా లొంగుతుంది, లోతైన తెల్ల మచ్చ అంతగా లొంగదు. తెల్లమచ్చకి పలచటి రెసిన్‌ని సందుల్లోకి ఇంకించే పద్ధతి ఉంది, ఖర్చు ఎక్కువ. ఏది చేసినా తరవాత కొద్ది రోజులు టీ, పసుపు, చారు, దానిమ్మ దూరం. బ్లీచింగ్‌ని పదహారేళ్ళ దాకా ఆపండి, ఇప్పుడు చేస్తే మచ్చల మధ్య తెల్లదనం ఇంకా తెల్లబడి చారలు ఎక్కువ కనబడే ప్రమాదం కూడా ఉంది.

గుంటలు పడి ఉంటే కాంపోజిట్ అనే పన్ను రంగు ముద్ద నింపాలి. "వేయించిన ఆరు నెలలకే ఊడిపోయింది" అన్నది ఫ్లోరోసిస్ పళ్ళలో మామూలు ఫిర్యాదు. కారణం ఇది: ఈ పళ్ళ పైపొర ఆమ్లానికి సులువుగా లొంగదు, మామూలు పళ్ళకి 15 నుంచి 30 సెకన్లు పెట్టే ఫాస్ఫారిక్ ఆమ్లం చాలదు. పైపొరను కొంచెం గరుకు చేసి, నిమిషం దాకా పెడితే పట్టు దొరుకుతుంది. క్లిప్పులు వేయించినప్పుడు పదేపదే ఊడటమూ ఇందుకే. డాక్టరుకి ఊరి పేరు చెబితే చాలు, అర్థమవుతుంది.

ఇంట్లో ఇటుక పొడి, బొగ్గు, ఎర్ర పళ్ళపొడి, నిమ్మకాయా వంటసోడా వద్దు. మచ్చ పన్ను లోపల ఉంది, రుద్దితే మచ్చ కన్నా ముందు ఎనామిల్ పోతుంది. వేపపుల్ల నమిలి చిగుళ్ళు తోముకుంటే తప్పు లేదు, కానీ రాత్రి వాడే ఫ్లోరైడ్ పేస్టుకి అది బదులు కాదు.

సెలవులకి అమ్మమ్మ ఊరు వెళ్ళడం గురించి అడిగారు. నెల రోజులతో కొత్త మచ్చలు పుట్టవు, సరాసరి మీద లెక్క. కానీ పాపకి మూడేళ్ళ లోపు కాబట్టి తాగే నీళ్ళతో పాటు వంట నీళ్ళూ మార్చండి. ఇక్కడే చాలామంది జారిపోతారు: తాగడానికి క్యాను, అన్నానికి బోరు. కుక్కరులో 100 గ్రాముల బియ్యం 200 మి.లీ. పైన నీళ్ళు పీల్చుకుంటాయి, 3 మి.గ్రా. నీళ్ళయితే ఒక పూట అన్నంలోనే 0.6 మి.గ్రా. పప్పు, జావ అదనం. గంజి వారిస్తే కొంత పోతుంది. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు, యూవీ, బొగ్గు ఫిల్టరు దీన్ని ఆపవు. తల్లిపాలలో మాత్రం తల్లి ఏ నీళ్ళు తాగినా ఫ్లోరైడ్ చాలా తక్కువ. పొడిపాలు కలిపే నీళ్ళతోనే చిక్కు.

నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) 1970ల్లో తయారుచేసిన 'నల్లగొండ పద్ధతి' అంటే నీళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి, ముద్ద అడుగుకి దిగాక పైనీళ్ళు తీసుకోవడం. చెప్పినంత సులువు కాదు. పటిక మోతాదు ఫ్లోరైడ్ మీద, నీటి క్షారం మీద ఆధారపడుతుంది, కొలత తప్పితే ఫ్లోరైడ్ మిగులుతుంది లేదా నీళ్ళలో అల్యూమినియం మిగులుతుంది. పరీక్ష లేకుండా బకెట్లో అంచనాగా చేయకండి.

అమ్మమ్మ ఇంట్లో ఆర్వో ఉంటే టీడీఎస్ పెన్ను చూపించి "బాగుంది" అంటే నమ్మకండి. ఆ పెన్ను మొత్తం లవణాలు చూస్తుంది, ఫ్లోరైడ్‌ని విడిగా చూపదు. అంతకన్నా ముఖ్యం, మెషీన్లో రుచి కోసం పెట్టే టీడీఎస్ మర (వాల్వు). అది కొంత బోరు నీటిని ఫిల్టరు దాటించి నేరుగా కలుపుతుంది. బోరులో 4 మి.గ్రా. ఉందనుకోండి, పొర పది వంతుల్లో తొమ్మిది ఆపితే 0.4 మిగులుతుంది. మర అయిదో వంతు పచ్చి నీళ్ళు కలిపితే మొత్తం 1.1 పైకి వస్తుంది. ఆ మరను పూర్తిగా మూయించండి.

పరీక్షకి శుభ్రమైన ప్లాస్టిక్ సీసా తీసుకోండి, గాజుది కాదు. బోరు అయిదు నిమిషాలు వదిలి, సీసాను అదే నీళ్ళతో మూడుసార్లు కడిగి, అర లీటరు నింపి మూత బిగించండి. ఆర్వో నుంచి వచ్చే నీళ్ళు ఇంకో సీసాలో, రెండింటి మీదా తేదీ, చోటు రాయండి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో ఇవ్వచ్చు. ఊళ్ళో కిట్టు ఉంటే రంగు గులాబీ నుంచి పసుపు వైపు ఎంత జరిగితే ఫ్లోరైడ్ అంత ఎక్కువ, కానీ అది అంచనాకే. ప్రయోగశాల అంకె రాగానే ఇక్కడ రాయండి. దాన్నిబట్టి అమ్మమ్మ కీళ్ళ నొప్పుల గురించి ఏ పరీక్షలు అడగాలో చెబుతాను.